ఒకే కన్ఫర్మ్ బాక్స్, మూడు టూల్స్: పాపప్‌లకూ బ్రౌజరు గుర్తింపుకూ ఏ దారి ఎంచుకోవాలి

ఒక వెబ్ అప్లికేషన్‌లో డిలీట్ బటన్ ఉంది. నొక్కితే "తొలగించమంటారా?" అని బ్రౌజరు కన్ఫర్మ్ బాక్స్ వస్తుంది. ఆ బటన్‌ను మనిషికి బదులు కోడే నొక్కి చూసే టెస్టు రాస్తున్నారు. అలా బ్రౌజరును నడిపే టూల్స్ మూడు: సైప్రెస్, ప్లేరైట్, సెలీనియం. ఆ బాక్స్ గురించి టెస్టులో ఒక్క లైను కూడా రాయలేదనుకోండి. సైప్రెస్ తనంతట తనే ఓకే కొట్టేస్తుంది, రికార్డు పోతుంది. ప్లేరైట్ క్యాన్సిల్ కొట్టేస్తుంది, రికార్డు అక్కడే ఉంటుంది. సెలీనియంలో బాక్స్ తెరుచుకునే ఉంటుంది. మీ తర్వాతి ఆదేశం వెళ్లి దానికి తగిలాక బాక్స్ క్యాన్సిల్ అవుతుంది, మీకు అన్‌హ్యాండిల్డ్ అలర్ట్ ఎక్సెప్షన్ (ఎవరూ జవాబివ్వని బాక్స్ ఉందనే ఎర్రర్) వస్తుంది. అప్లికేషన్ అదే, బటన్ అదే, ఫలితాలు మాత్రం మూడు.

టూల్ ఎంచుకునేటప్పుడు అది ఏమేం చేయగలదో అందరూ చూస్తారు. మనం ఏమీ చెప్పనప్పుడు అది ఏం చేస్తుందో చూసేవాళ్లు తక్కువ. పాపప్‌ల విషయంలో అసలు తేడా అక్కడే ఉంది.

నాకిది తెలిసొచ్చింది ఒక సేవ్ టెస్టు వల్ల. సర్వర్ తప్పు చెప్తే పేజీ "మార్పులు సేవ్ కాలేదు" అని అలర్ట్ చూపించి, ఆ తర్వాత ఎప్పటిలాగే లిస్టు పేజీకి వెళ్లేది. మా టెస్టు చూసేది లిస్టు పేజీ తెరుచుకుందా లేదా అన్నది ఒక్కటే. అలర్ట్‌ను ప్లేరైట్ నిశ్శబ్దంగా మూసేసేది, లిస్టు వచ్చేది, టెస్టు పచ్చగా పాసయ్యేది. సేవ్ మాత్రం వారాల తరబడి పనిచేయలేదు. తప్పు టూల్‌ది కాదు, దాని స్వభావం తెలుసుకోకుండా రాసిన నాది.

ముందు ఆ పాపప్ ఎవరిదో తేల్చండి

పాపప్ అనే ఒక్క మాట కింద కనీసం నాలుగు వేర్వేరు వస్తువులున్నాయి. పేజీ తన సొంత హెచ్‌టీఎంఎల్‌తో గీసుకున్న మోడల్ (వెనకున్న పేజీని కప్పి నిలబడే బాక్స్) ఒకటి. జావాస్క్రిప్టు అడిగితే బ్రౌజరు చూపించే అలర్ట్, కన్ఫర్మ్, ప్రాంప్ట్ బాక్సులు రెండోది. కొత్త ట్యాబ్ లేదా కొత్త విండో మూడోది. నాలుగోది పేజీకి బయట బ్రౌజరో ఆపరేటింగ్ సిస్టమో చూపించేవి: లొకేషన్ అనుమతి, ఫైలు ఎంచుకునే విండో, పాస్‌వర్డ్ సేవ్ చేయమంటారా అనే బుడగ, ప్రింట్ డైలాగ్.

పట్టుకోవడం తేలికే. పాపప్ మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌స్పెక్ట్ అనండి. ఎలిమెంట్ కనిపిస్తే అది పేజీదే. రైట్ క్లిక్ పనిచేయక, పైన సైటు చిరునామాతో మధ్యలో బాక్స్ ఉంటే అది జావాస్క్రిప్టు డైలాగ్. అడ్రస్ బారుకు వేలాడుతుంటే బ్రౌజరుది. కొత్తగా చేరినవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. పేజీలోని మోడల్‌ను చూసి సెలీనియంలో స్విచ్ టు అలర్ట్ అంటారు, అలాంటి అలర్ట్ ఏదీ లేదని ఎక్సెప్షన్ వస్తుంది, వెయిట్ సరిపోలేదేమోనని 5 సెకన్లను 30 చేస్తారు. లేని అలర్ట్ కోసం ఎంతసేపు ఆగినా రాదు.

పేజీ సొంత మోడల్

దీనికి మూడు టూల్స్‌లో ఏదైనా ఒకటే. మామూలు ఎలిమెంట్ లాగే వెతకాలి, క్లిక్ చేయాలి. చిక్కుముడులు రెండే. మోడల్ ఐఫ్రేమ్‌లో (పేజీలో పొదిగిన మరో పేజీలో) ఉంటే సెలీనియంలో ముందు ఆ ఫ్రేమ్‌లోకి మారాలి, పనయ్యాక బయటికి రావాలి. ఆ బయటికి రావడం మరిచిపోవడమే సగం ఫెయిల్యూర్లకు మూలం. ప్లేరైట్‌లో ఫ్రేమ్ లొకేటర్ ఉంది కాబట్టి ఈ రాకపోకల గోల లేదు. రెండోది, మోడల్ యానిమేషన్‌తో నెమ్మదిగా మూసుకుంటుంటే వెనకున్న బటన్ మీద క్లిక్ దాని మీద పడుతుంది. ప్లేరైట్, సైప్రెస్ రెండూ క్లిక్‌కు ముందు ఎలిమెంట్ కదలడం ఆగిందా, మీద ఏదైనా కప్పి ఉందా అని తామే చూసుకుంటాయి. సెలీనియంలో మోడల్ పూర్తిగా మాయమయ్యేదాకా ఆగే వెయిట్ మీరే రాయాలి.

కుకీ అనుమతి బ్యానరు, "మా కొత్త ఫీచర్ చూడండి" లాంటి బాక్సులది ఇంకో సమస్య. ఎప్పుడు వస్తాయో, వస్తాయో రావో చెప్పలేం. దారులు మూడున్నాయి. ప్రతి క్లిక్ చుట్టూ ఎర్రర్ వస్తే పట్టుకునే ట్రై క్యాచ్ కోడు పెట్టడం మొదటిది, దయచేసి వద్దు. ప్లేరైట్ 1.42 నుంచి ఉన్న లొకేటర్ హ్యాండ్లర్ రెండోది: ఫలానా బ్యానరు కనబడితే దాన్ని ఇలా మూసేయి అని ఒక్కచోట చెప్పి పెట్టొచ్చు. మూడోది, నేను ఎంచుకునేది, అసలు రానివ్వకపోవడం. యూజరు ఒప్పుకున్నట్టు చెప్పే కుకీనో లోకల్ స్టోరేజి విలువనో టెస్టు మొదలుకాకముందే పెట్టేస్తే బ్యానరు తెరమీదకే రాదు. బ్యానరు సరిగా పనిచేస్తోందో లేదో చూడడానికి విడిగా ఒక టెస్టు ఉంచుకోండి. మిగతా రెండొందల టెస్టులూ దాన్ని మూసే పని నేర్చుకోనక్కర్లేదు.

జావాస్క్రిప్టు డైలాగులు

సెలీనియం పద్ధతి మనిషి చేసే వరసలోనే ఉంటుంది: క్లిక్ చేయి, అలర్ట్ వచ్చేదాకా ఆగు, అందులోకి మారు, అక్షరాలు చదువు, ఒప్పుకో లేదా కాదను. ప్రాంప్ట్ అయితే అందులో టైపు చేయి. చదివేవాళ్లకు సులభం. ఆగే లైను వదిలేస్తే మాత్రం మీ మెషీన్లో పాసై, టెస్టులను తనంతట తనే నడిపే సర్వర్ పైప్‌లైన్లో పడిపోయే టెస్టు తయారవుతుంది.

ఎవరూ పట్టించుకోని అలర్ట్‌ను ఏం చేయాలో, సెలీనియం బ్రౌజరుతో మాట్లాడే పద్ధతిని వివరించే వెబ్‌డ్రైవర్ స్పెసిఫికేషన్ నిర్దేశించింది. అది 2018 జూన్‌లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ప్రమాణమైంది. అన్‌హ్యాండిల్డ్ ప్రాంప్ట్ బిహేవియర్ అనే సెట్టింగుకు అందులో ఐదు విలువలున్నాయి: నిశ్శబ్దంగా ఒప్పుకోవడం, నిశ్శబ్దంగా కాదనడం, ఒప్పుకుని తెలియజేయడం, కాదని తెలియజేయడం, ముట్టుకోకుండా వదిలేయడం. ఏదీ పెట్టకపోతే నాలుగోది వర్తిస్తుంది. దాన్ని అలాగే ఉంచండి. ఎక్సెప్షన్ విసిగిస్తోందని చాలామంది నిశ్శబ్దంగా ఒప్పుకోవడానికి మారుస్తారు. ఆ రోజుతో అలర్ట్ రూపంలో వచ్చే ప్రతి ఎర్రర్ మెసేజీ టెస్టుకు కనబడకుండా పోతుంది.

ప్లేరైట్‌లో వరస తిరగబడుతుంది. డైలాగ్ వస్తే ఏం చేయాలో క్లిక్‌కు ముందే ఒక లిజనర్ (అది వచ్చినప్పుడు నడిచే కోడు) పెట్టి చెప్పాలి. ఎందుకంటే డైలాగ్ తెరిచి ఉన్నంతసేపూ పేజీ స్తంభిస్తుంది, క్లిక్ పూర్తికాదు, మీ తర్వాతి లైను నడవదు. లిజనర్ లేకపోతే అది తనే కాదంటుంది. లిజనర్ ఉండి, అందులో మీరు మెసేజీ ప్రింటు చేసి ఊరుకుంటే, ఒప్పుకోవడమో కాదనడమో చేయకపోతే, టెస్టు అక్కడే వేలాడుతుంది. డీబగ్గింగ్ కోసం లిజనర్ పెట్టాక టెస్టు కొత్తగా ఆగిపోవడం మొదలైందంటే కారణం ఇదే. ఇంకో మాట: ఎప్పటికీ ఉండే లిజనర్ కన్నా ఒక్కసారికే పనిచేసే లిజనర్ వాడండి. రెండు లిజనర్లు ఒకే డైలాగ్‌కు జవాబివ్వబోతే రెండోదానికి ఎర్రర్ వస్తుంది.

సైప్రెస్‌లో టెస్టు కోడు పేజీతో పాటు బ్రౌజరులోపలే నడుస్తుంది కాబట్టి అది అసలు బాక్స్‌ను తెరమీదకు రానివ్వదు. కన్ఫర్మ్‌కు కాదనాలంటే దాని ఈవెంట్‌కు ఫాల్స్ తిప్పి పంపాలి. ప్రాంప్ట్‌కైతే ఆ ఫంక్షన్ స్థానంలో మన నకిలీ జవాబు పెట్టాలి. వేగంగా నడుస్తుంది, చిక్కులు తక్కువ. కానీ మీరు పరీక్షిస్తున్నది బ్రౌజరు బాక్స్‌ను కాదు, దాన్ని పిలిచిన కోడును. చాలా అప్లికేషన్లకు అది చాలు.

డైలాగులు చాలా ఉన్న పాత అప్లికేషన్‌కు నన్ను అడిగితే సెలీనియం వైపే మొగ్గుతాను, అదీ దాని డిఫాల్టు కోసం. అడగకుండా వచ్చిన బాక్స్ గురించి గోల చేసేది మూడింట్లో అదొక్కటే. ప్లేరైట్ మీద ఉన్నవాళ్లు ఆ గుణాన్ని అరువు తెచ్చుకోవచ్చు: ప్రతి టెస్టుకూ వర్తించే ఫిక్స్చర్లో (టెస్టుకు ముందూ వెనకా నడిచే ఉమ్మడి కోడులో) ఒక లిజనర్ పెట్టి, ఎదురుచూడని డైలాగ్ వస్తే దాన్ని కాదని, దాని మెసేజీని జాబితాలో రాసుకుని, చివర్లో జాబితా ఖాళీగా లేకపోతే టెస్టును ఫెయిల్ చేయించండి. డైలాగ్ కావాలనుకున్న టెస్టు ముందుగానే ఆ ఫిక్స్చర్‌కు చెప్పాలి, లేకపోతే ఇందాకటి ఇద్దరు లిజనర్ల గొడవ వస్తుంది. పది లైన్ల పని. నా సేవ్ టెస్టుకు ఇది ముందే ఉండుంటే ఆ వారాలు మిగిలేవి.

పేజీ వదిలి వెళ్తుంటే "సేవ్ చేయని మార్పులున్నాయి" అని ఆపే బాక్స్‌ది కొంచెం వేరే కథ. అందులో మీ సొంత వాక్యం కనిపించదు. క్రోమ్ 51తో 2016లోనే ఆ సౌకర్యం తీసేశారు. కాబట్టి ఆ బాక్స్‌లోని మాటలను పరీక్షించే టెస్టు రాయకండి. పైగా యూజరు ముందు పేజీని ఒక్కసారైనా ముట్టుకోకపోతే క్రోమ్ ఈ బాక్స్ చూపించదు. జావాస్క్రిప్టుతో విలువలు నింపేసి బాక్స్ రాలేదని బగ్ రాసేముందు, నిజంగా ఒక క్లిక్ చేసి చూడండి.

కొత్త ట్యాబులు, విండోలు

ఇక్కడ మాత్రం ప్లేరైట్ స్పష్టంగా ముందుంది. క్లిక్‌కు ముందే పాపప్ ఈవెంట్ కోసం ఎదురుచూపు మొదలుపెట్టి, క్లిక్ చేసి, వచ్చిన కొత్త పేజీని ఒక వేరియబుల్‌లో పట్టుకోవచ్చు. పాత పేజీ, కొత్త పేజీ రెండూ చేతిలోనే ఉంటాయి, అటూ ఇటూ మారే పనే లేదు. సెలీనియంలో విండో హ్యాండిల్స్ (ఒక్కో విండోకు ఉండే గుర్తింపు కోడ్‌లు) అడిగి, ముందున్న వాటిని తీసేస్తే మిగిలేది కొత్తది. హ్యాండిల్స్ ఏ వరసలో వస్తాయో స్పెసిఫికేషన్ హామీ ఇవ్వదు. చివరిదే కొత్తదనుకుని రాసిన కోడు చాలా రోజులు పనిచేస్తుంది, తర్వాత ఒక రోజు పనిచేయదు.

సైప్రెస్ రెండో ట్యాబును నడపదు. అది వాళ్లు తెలిసి పెట్టుకున్న హద్దు. లింకులోని టార్గెట్ తీసేసి అదే ట్యాబులో తెరవడం, విండో ఓపెన్ ఫంక్షన్ స్థానంలో నకిలీది పెట్టి సరైన చిరునామాతో పిలిచారో లేదో మాత్రమే చూడడం మామూలుగా వాడే ఉపాయాలు. బ్రౌజరును నడిపే మరో టూల్ పప్పెటీర్‌ను జోడించే ప్లగిన్ కూడా ఉంది. లాగిన్ కోసం వేరే సంస్థ విండో తెరిచే అప్లికేషన్లు, పేమెంటు పాపప్‌లు మీ ప్రధాన దారిలో ఉంటే ఇలా ఉపాయాల మీద నెట్టుకురావడం కన్నా వేరే టూల్ ఎంచుకోవడం మేలు.

ఒక ముఖ్యమైన సంగతి. సెలీనియం తరఫున క్రోమ్‌ను నడిపే క్రోమ్‌డ్రైవర్ బ్రౌజరును పాపప్ బ్లాకర్ ఆపేసి మొదలుపెడుతుంది. ఆటోమేషన్‌లో చక్కగా తెరుచుకున్న విండో నిజమైన యూజరుకు తెరుచుకోకపోవచ్చు, ముఖ్యంగా క్లిక్‌కూ విండో తెరవడానికీ మధ్య సర్వర్ జవాబు కోసం ఆగే కోడు ఉంటే. యూజరు క్లిక్‌కు ఉండే చెల్లుబాటు కొద్ది సెకన్లే. అది దాటితే బ్లాకర్ అడ్డుకుంటుంది. మీ అప్లికేషన్‌లో అలాంటి చోటుంటే ఒక్క టెస్టునైనా బ్లాకర్‌ను ఆపే ఆ సెట్టింగు తీసేసి నడపండి.

బ్రౌజరువీ ఆపరేటింగ్ సిస్టమ్‌వీ

ఇక్కడ సూత్రం ఒకటే: పాపప్ వచ్చాక కొట్టకండి, రాకముందే జవాబు చెప్పండి. ప్లేరైట్‌లో కాంటెక్స్టుకు (టెస్టు వాడే విడి బ్రౌజరు సెషన్‌కు) అనుమతులు ముందే ఇవ్వొచ్చు, ఏ అనుమతులు ఇవ్వగలమన్నది మాత్రం బ్రౌజరును బట్టి మారుతుంది. సెలీనియంలో ప్రొఫైల్ సెట్టింగుల ద్వారా ఇవ్వాలి. క్రోమ్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ 1 అంటే అనుమతి, 2 అంటే నిరాకరణ. సులభమైన టెస్టు పాస్‌వర్డులు పెట్టుకున్నవాళ్లకు క్రోమ్ "ఈ పాస్‌వర్డు లీకైంది, మార్చుకోండి" అని హెచ్చరించి టెస్టును ఆపేయడం చాలామందికి ఎదురైంది. పాస్‌వర్డు మేనేజరులోని లీక్ డిటెక్షన్‌ను ఆపితే అది పోతుంది, బలమైన పాస్‌వర్డు పెట్టినా పోతుంది.

ఫైలు అప్‌లోడ్‌కు ఆ విండోను తెరవనే కూడదు. ఇన్‌పుట్ ఎలిమెంట్‌కు ఫైలు దారిని నేరుగా పంపితే సెలీనియంలో సరిపోతుంది. ప్లేరైట్‌లో దానికే ప్రత్యేక ఫంక్షన్ ఉంది. ఆటోఇట్‌తోనో జావా రోబో క్లాసుతోనో కీబోర్డు నొక్కించే పాత స్క్రిప్టులు ఇంకా తిరుగుతున్నాయి. తెరలేని సర్వర్ మీదకు వెళ్లిన రోజు అవి ఆగిపోతాయి. యూజర్‌నేమ్, పాస్‌వర్డు అడిగే బేసిక్ ఆథెంటికేషన్ బాక్స్‌కు ప్లేరైట్‌లో కాంటెక్స్టు సెట్టింగు ఉంది. సెలీనియంలో అవి చిరునామాలోనే చేర్చి పంపడం పాత ఉపాయం, పేజీ వరకు పనిచేస్తుంది. అలాంటి చిరునామాతో పేజీ లోపల పిలిచే బొమ్మలు, స్క్రిప్టుల వంటివాటిని క్రోమ్ 59 నుంచి ఆపేస్తోంది.

బ్రౌజరు పేరు ఎవరికి కావాలి

ఇంతకీ పాపప్‌లకూ బ్రౌజరు గుర్తింపుకూ సంబంధమేమిటంటే, ఒకే పాపప్ బ్రౌజరును బట్టి వేరేగా ప్రవర్తిస్తుంది. దాంతో స్క్రిప్టులో "ఫైర్‌ఫాక్స్ అయితే ఇలా, సఫారీ అయితే అలా" అనే షరతులు చేరతాయి. ఆ షరతుకు పేరు ఎక్కడి నుంచి తేవాలన్నదే ప్రశ్న. చాలామంది యూజర్ ఏజెంట్ స్ట్రింగ్ (బ్రౌజరు తనను సైటుకు పరిచయం చేసుకునే వాక్యం) చదువుతారు. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అన్న సామెత దానికోసమే పుట్టిందనిపిస్తుంది. క్రోమ్, సఫారీ, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ అన్నీ మొజిల్లా 5.0 అనే మొదలవుతాయి. క్రోమ్ తన పేరు వెనక సఫారీ పేరు కూడా చెప్పుకుంటుంది. ఎడ్జ్ ఆ రెండూ చెప్పి చివర్లో తన గుర్తు తగిలిస్తుంది. ఆ గుర్తులో కూడా క్రోమియం మీద వచ్చిన కొత్త ఎడ్జ్‌కు చివర 'e' అనే ఇంగ్లీషు అక్షరం ఉండదు. 2013లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11 తన పాత గుర్తునే వదిలేసింది. 2019 నాటి ఐప్యాడ్ ఓఎస్ 13 నుంచి ఐప్యాడ్‌లోని సఫారీ తనను మ్యాక్ అనే పరిచయం చేసుకుంటుంది. విండోస్ 11 కూడా స్ట్రింగులో విండోస్ ఎన్‌టీ 10గానే కనిపిస్తుంది.

నాకు ఇష్టమైన ఉదాహరణ ఫైర్‌ఫాక్స్ 110ది. దాని స్ట్రింగులో ఆర్‌వీ 110 అని రావాలి. అందులో ఆర్‌వీ 11 అనే మొదటి అక్షరాలు మాత్రమే చూసి కొన్ని సైట్లు దాన్ని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11 అనుకునేవి. అందుకని 110 నుంచి 119 వరకూ పది వెర్షన్ల పాటు ఫైర్‌ఫాక్స్ అక్కడ 109 అనే రాసుకుంది. కనుమరుగైన బ్రౌజరును వెతికే కోడు కోసం బతికున్న బ్రౌజరు అబద్ధం చెప్పాల్సి వచ్చింది. క్రోమ్ కూడా 101 నుంచి స్ట్రింగులో ప్రధాన సంఖ్య తప్ప మిగతా వెర్షన్ అంకెలను సున్నాలు చేసేసింది.

మీ టెస్టుకు ఇదంతా అనవసరం, ఎందుకంటే బ్రౌజరును తెరిచింది మీరే. సెలీనియంలో కేపబిలిటీస్‌ను (బ్రౌజరు వివరాల జాబితాను) అడిగితే పేరు, వెర్షన్ రెండూ చెప్తుంది. సైప్రెస్‌లో ఏ బ్రౌజరో అడిగే ఫంక్షన్ ఉంది. ప్లేరైట్‌లో బ్రౌజర్‌నేమ్ ఉంది, కానీ అది ఇంజను పేరు: క్రోమియం, ఫైర్‌ఫాక్స్, వెబ్‌కిట్. అసలు క్రోమ్‌నో ఎడ్జ్‌నో ఛానెల్ అనే సెట్టింగు ద్వారా నడిపినా అది క్రోమియం అనే అంటుంది. వాటిని విడదీయాలంటే ప్లేరైట్ సెట్టింగుల్లో మీరు పెట్టుకున్న ప్రాజెక్టు పేరు చూడాలి.

అప్లికేషన్ కోడు సంగతి వేరు. అది బ్రౌజరు పేరు అడగకుండా తనకు కావాల్సిన సామర్థ్యం ఉందో లేదో చూసుకోవాలి. పేజీ మోడల్ గీసుకోవడానికి హెచ్‌టీఎంఎల్‌లో ఉన్న డైలాగ్ ఎలిమెంట్‌నే తీసుకోండి: క్రోమ్‌లో 2014 నుంచి ఉంది, ఫైర్‌ఫాక్స్ 98, సఫారీ 15.4లతో 2022 మార్చిలో అందరికీ వచ్చింది. పేరు చూసి "క్రోమ్ కాకపోతే పాత మోడల్ చూపించు" అని రాసుకున్నవాళ్లు ఆ తర్వాత కూడా ఫైర్‌ఫాక్స్, సఫారీ యూజర్లకు పాతదే చూపించారు. సామర్థ్యం చూసుకున్నవాళ్లు ఒక్క అక్షరం మార్చనక్కర్లేకపోయింది.

యూజర్ ఏజెంట్‌కు ప్రత్యామ్నాయంగా వచ్చిన క్లయింట్ హింట్స్ (బ్రౌజరు తన వివరాలను విడివిడి హెడర్లుగా పంపే పద్ధతి) క్రోమియం కుటుంబంలోనే ఉన్నాయి, అదీ సురక్షిత కనెక్షన్ మీదే. ఫైర్‌ఫాక్స్, సఫారీలలో లేవు. కాబట్టి దాన్ని ఏకైక ఆధారంగా పెట్టుకోలేరు.

మరి మీ అప్లికేషన్ యూజర్ ఏజెంట్‌ను బట్టే పేజీ మారుస్తుంటే? అప్పుడు స్ట్రింగు మార్చి పరీక్షించడం న్యాయమే. కానీ అది పరీక్షించేది మీ సర్వర్ నిర్ణయాన్ని, ఆ బ్రౌజరును కాదు. క్రోమియంకు ఐఫోన్ పేరు, ఐఫోన్ తెర కొలతలు ఇచ్చినంత మాత్రాన అది సఫారీలా కీబోర్డు పైకి తేదు, పాపప్‌ను సఫారీలా అడ్డుకోదు. స్ట్రింగు మార్చితే క్లయింట్ హింట్స్ కూడా దానికి తగ్గట్టు మారతాయని అనుకోకండి. అది విడిగా చూడాలి. ప్లేరైట్ వెబ్‌కిట్ సఫారీకి దగ్గర, సఫారీ కాదు. అసలు సఫారీ కావాల్సినవాళ్లకు సెలీనియం దారే మిగులుతుంది: 2016లో వచ్చిన సఫారీ 10 నుంచి దాని డ్రైవర్ మ్యాక్‌లోనే ఉంటోంది.

ఎదురుగా ఉన్న పేజీ ఆటోమేషన్‌ను పసిగట్టడం ఇంకో కోణం. వెబ్‌డ్రైవర్ ప్రమాణం ప్రకారం నావిగేటర్‌లో వెబ్‌డ్రైవర్ అనే విలువ ట్రూ అవుతుంది. తెరమీద విండో లేకుండా నడిచే హెడ్‌లెస్ క్రోమ్ తన స్ట్రింగులో హెడ్‌లెస్ అనే చెప్పుకుంటుంది. మీ అప్లికేషన్ ముందు బాట్‌లను ఆపే రక్షణ ఉంటే దాన్ని మోసం చేసే ప్లగిన్ల వెంట పడకండి. టెస్టు వాతావరణానికి ఒక ప్రత్యేక హెడరో టోకెనో ఇవ్వమని రక్షణ చూసే టీమును అడగండి. దొంగాటలో వాళ్లు ప్రతి నెలా గెలుస్తూనే ఉంటారు, మీ టెస్టులు ప్రతి నెలా పడిపోతూనే ఉంటాయి.

నేనైతే

కొత్తగా మొదలుపెట్టే ప్రాజెక్టులో విండోలు, అనుమతులు, లాగిన్ పాపప్‌లు ఉంటే ప్లేరైట్, ఇందాకటి డైలాగ్ ఫిక్స్చర్‌తో సహా. అంతా ఒకే పేజీలో, సొంత మోడల్స్‌తో నడిచే అప్లికేషన్ అయితే, ఫ్రంట్ ఎండ్ టీమే టెస్టులు రాసుకుంటే, సైప్రెస్. అసలు సఫారీ, పాత జావా కోడు, వందల టెస్టులు ఇప్పటికే ఉంటే సెలీనియం నుంచి కదలకండి. ఇప్పుడు బ్రౌజరు కూడా టెస్టుకు కబుర్లు పంపగల వెబ్‌డ్రైవర్ బైడై వచ్చాక డైలాగ్ తెరుచుకుందన్న కబురు అక్కడ కూడా ఈవెంటుగా అందుతోంది.

సైప్రెస్ నుంచి ప్లేరైట్‌కు మారుతున్నవాళ్లు మాత్రం మొదటి రోజే కోడంతటా కన్ఫర్మ్ అనే పదం వెతికి, అది తగిలే ప్రతి టెస్టులోనూ జవాబును ఒక లైనుగా రాసేయండి. లేకపోతే అక్కడ ఓకే అయినవన్నీ ఇక్కడ క్యాన్సిల్ అవుతాయి.